చెరువు కనిపించిన నలభై రోజులు

ఉక్కునగర జలకలుపు నియంత్రణ మండలి పదేళ్ళు విజయవంతంగా పూర్తిచేసుకుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మండలి పుట్టిననాడు స్మృతి నగర్ వెనకాల ఉన్న నాలుగెకరాల చెరువులో ఒక్క మూల మాత్రమే గుర్రపుడెక్క ఉండేది. పదేళ్ళ నిర్విరామ నియంత్రణ తరువాత ఇవాళ చెరువంతా అదే ఉంది. మధ్యలో ఒక నలభై రోజులు మాత్రం పొరపాటు జరిగింది. ఆ పొరపాటు ఎలా జరిగిందో, దాన్ని అందరం కలిసి ఎలా సరిదిద్దామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు గోవిందరావు. రైల్వే గూడ్సు ఆఫీసులో ముప్ఫయ్యారేళ్ళు క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం స్మృతి నగర్ నివాసుల సంఘానికి కార్యదర్శిని. కాబట్టి నేను చెప్పేదాన్ని అధికారిక కథనంగానే తీసుకోవచ్చు.

మండలి ఫ్యాక్టరీకి చెందినది కాదు, మునిసిపాలిటీకీ చెందినది కాదు. ఎవరికీ చెందకపోవడమే దాని బలం. డైరెక్టరు శ్యామసుందర్ గారు మాలాగే ఈ హిందీ రాష్ట్రానికి వలసొచ్చిన తెలుగువాళ్ళే, ఇల్లు వైశాలి నగర్. పూర్వం ఎక్కడో క్రీడల విభాగం చూసేవారు. వాలీబాల్ కోర్టులో మోకాలెత్తు గడ్డి పెరిగిందని ఎవరో ఫిర్యాదు చేస్తే, గడ్డి విషయంలో అనుభవం గల మనిషని ఇక్కడ వేశారు. ఆయన అసిస్టెంటుగా చేరినప్పుడు చెరువులో కలుపు ఒక మూలే. సగం నిండేసరికి డిప్యూటీ అయ్యారు. ముప్పాతిక నిండేసరికి జాయింటు. కలుపు అవతలి గట్టు తాకిన ఏడాది డైరెక్టరయ్యారు. అప్పగించిన పనితో సమానంగా ఎదిగిన అధికారిని నా సర్వీసులో చూడలేదు.

మండలిలో పదకొండుమంది సిబ్బంది. కలుపు విస్తీర్ణం కొలిచేవారు, కొలిచింది సరిచూసేవారు, ఫోటోలు తీసేవారు, సెమినార్లకు బ్యానర్లు రాయించేవారు. నీళ్ళలో దిగి పీకేది మాత్రం కన్నమ్మ ఒక్కతే. పలాస దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చి, భర్త పోయాక కూలిపని పట్టుకున్న మనిషి. రోజుకూలీ కనక పదకొండులో ఆమె లెక్కకు రాదు. పొద్దుటినుంచి నడుములోతు నీళ్ళలో నిలబడి పీకి, గట్టుమీద కుప్ప వెయ్యాలి. నాలుగురోజుల తరువాత కొలిచేవాళ్ళు వచ్చి కొలుస్తారు. ఈలోగా వాన పడితే కుప్ప మళ్ళీ చెరువులోకి జారుకుంటుంది. అప్పుడు దాన్ని కొత్త కలుపుగా నమోదు చేస్తారు.

ఇలా సజావుగా సాగిపోతున్న రోజుల్లో ఇంద్రజ పన్నెండో మనిషిగా ఉద్యోగంలో చేరింది.

ఇంద్రజ సెక్టర్ 7లో ఉండే నా పాత స్నేహితుడు హరినాథ్ కూతురు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. గుర్రపుడెక్క మీదే పరిశోధన చేసి పెద్ద పుస్తకం రాసింది. అయినా మండలివాళ్ళు ఆమెను తీసుకున్నారు. ఇంటర్వ్యూలో, "ఈ చెరువుని శుభ్రం చెయ్యడానికి ఎన్నేళ్ళు పడుతుంది?" అని అడిగారట. ఆ పిల్ల, "మూడు నెలలు సర్" అంది. బోర్డంతా పగలబడి నవ్వింది. ఆఫీసులో ఇలాంటి సరదా మనిషి ఒకరుండాలని డైరెక్టరుగారే సంతకం పెట్టారు.

హరినాథ్ లడ్డూల డబ్బాతో మా ఇంటికొచ్చాడు.

"ఇన్వేసివ్ స్పీషీస్ మేనేజ్‌మెంట్‌రా, గోవిందూ!"

"అంటే ఏట్రా?"

"పరాయి దేశాల్నించి వొచ్చిన మొక్కలు మన మొక్కల్ని తినీకుండా సూడ్డం."

"కలుపు తియ్యడమా? ఎమ్మెస్సీ సదివింది అందుకా?"

"తియ్యడం కాదురా. మేనేజ్ సెయ్యడం."

ఆ తేడా ఆరోజు నాకు అర్థం కాలేదు. ఇంద్రజకయితే ఎప్పటికీ అర్థం కాలేదు. ఆమె కష్టాలన్నిటికీ మూలం అదే.

చేరిన మర్నాడే ఆ పిల్ల ప్యాంటు మడిచి చెరువులోకి దిగింది. మండలి చరిత్రలో జీతం తీసుకునే మనిషి నీళ్ళు తాకడం అదే మొదలు. కన్నమ్మ కంగారుపడిపోయింది.

"ఏటమ్మా ఇది! సార్లు సూస్తే ఏటనుకుంటారు? బేగి గట్టెక్కీ."

"మీరు రోజూ దిగుతున్నారు కదా అమ్మా?"

"నాను మనిసిని గాదు గదా తల్లీ, కూలీని."

ఇంద్రజ గట్టెక్కలేదు. ఇద్దరూ మధ్యాహ్నందాకా పీకారు. ఇన్నేళ్ళయినా ఇది ఎందుకు పోవటంలేదని ఇంద్రజ అడిగితే, కన్నమ్మ నీళ్ళలో నిలబడే చెప్పిందట.

"పీకింది పీకినట్టు దూరంగా ఒట్టుకెల్లి గొయ్యిలో పాతీయాల. కొలతలని గట్టుమీదే ఒగ్గీమంటారు. ముక్క జారినా సాలు, పదేను రోజుల్లో పదవుతాది. ఇంకోటి, ఆ కాలవ సూడు. కాలనీ బాత్రూం నీల్లన్నీ ఇందల్లోకే. ఎరువేసినట్టు ఏస్తన్నారు. అది ఎదక్క ఏటి సేస్తాది?"

"ఇది డైరెక్టరుగారికి చెప్పారా?"

"సెప్పినాను. బాగా సెప్పినావు, రాసి తే అన్నారు. నాకు రాయడం రాదు గదా."

ఆ కాలవ మా కాలనీదేనని ఇక్కడ ఒప్పుకోవడంలో నాకు సంకోచం లేదు.

ఇంద్రజ రాసి ఇచ్చింది. డైరెక్టరుగారు ఆ కాగితాన్ని మెచ్చుకుని, ఆఫ్రికాలో ఒక మహాసరస్సును ఇదే కలుపు ఎలా కప్పేసిందో అధ్యయనం చెయ్యడానికి బయల్దేరారు. డిప్యూటీ, ఫోటోలు తీసేవాడు కూడా వెళ్ళారు. నాలుగున్నర నెలల పర్యటన. పెద్దాయన లేరని మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే సెలవులు పెట్టారు. ఆఫీసులో మిగిలినవాళ్ళలో అందరికన్నా సీనియరు, అందరికన్నా జూనియరు కూడా ఇంద్రజే. ఇన్‌చార్జి ఉత్తర్వులో ఒకటే వాక్యం: "మండలి లక్ష్యాల మేరకు కార్యక్రమాలు కొనసాగించవలెను." ఆ లక్ష్యాలేమిటా అని ఆ పిల్ల ఫైలు తెరిచి మొదటి పేజీ చదివింది. పదేళ్ళలో ఎవరూ చెయ్యని పని అది. "కలుపును సమూలంగా తొలగించుట" అని అక్కడ రాసి ఉంది.

మర్నాడు మన్‌రాఖన్ దగ్గరికి వెళ్ళింది. తాతల కాలం నుంచి ఆ చెరువులో చేపలు పట్టుకు బతికిన కేవట్లకు అతను పెద్ద. చెరువు మూసుకుపోయాక ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. ఇంద్రజ విషయం చెబితే నమ్మలేదు. "సాత్ బరస్ హోగే దీదీ, జాల్ సూఖ్ గే" అన్నాడు. ఏడేళ్ళుగా వల ఎండిపోయి ఉందని. కానీ మర్నాడు పొద్దున్నే పన్నెండుమందిని, రెండు పడవల్ని, ఎండిన ఆ వలల్ని తీసుకుని గట్టుమీద ఉన్నాడు.

వెదురు తడికలతో చెరువుని ముక్కలుగా విడగొట్టారు. ఒక్కో ముక్కలో కలుపుని వలలతో ఒడ్డుకు లాగి, దూరంగా బంజరులో గోతులు తీసి పాతిపెట్టారు. వెనకాల కన్నమ్మ తిరుగుతూ వేలెడంత ముక్క కూడా వదలకుండా ఏరేది. "ఇటు సూడండర్రా, ఇక్కడ పిల్ల మొక్కుంది!" అని అరిచేది. కేవట్లకు తెలుగు రాదు, ఆమెకు వాళ్ళ భాష సగమే వచ్చు. పని మాత్రం ఆగలేదు.

మిగిలింది కాలవ. ఇంద్రజ మా సంఘం సమావేశానికొచ్చింది. మురుగు పైపులైను నలభై అడుగుల దూరంలో ఉందనీ, కాలవని దాంట్లో కలపడానికి ఒక్కరోజు చాలనీ చెప్పింది. విషయం సాంకేతికమైనది కనక మేము నాలుగు సమావేశాలు జరిపి, ఉపసంఘం వేసి, ఉపసంఘానికి అధ్యక్షుడెవరన్న దగ్గర ఆగాము. అప్పుడు మా ఆవిడ సూర్యావతి ఆడవాళ్ళ వరసలోంచి లేచింది.

"నలబయ్యడుగులకి నాలుగు మీటింగులేటండీ? దోమల్తో సస్తన్నాం. రేపే కలిపీండి."

ఆడవాళ్ళంతా చేతులెత్తారు. సభామర్యాద అలా భంగపడింది. కాలవ మర్నాడే మూసుకుపోయింది.

మూడు నెలలూ నాలుగు రోజులకు చెరువు బయటపడింది.

నేను స్మృతి నగర్‌లో చాలాకాలంగా ఉంటున్నాను. ఆ చెరువులో ఆకాశం కనబడుతుందని ఆ సాయంత్రమే మళ్ళీ గుర్తొచ్చింది. కాలనీ అంతా గట్టుమీదికి వచ్చింది. మన్‌రాఖన్ పడవలో నిలబడి మొదటి వల విసిరాడు. వల నీళ్ళమీద పరుచుకున్న చప్పుడుకి అందరం గట్టు అంచుదాకా జరిగాం. లాగితే అడుగున కొర్రమీనులు కొట్టుకుంటున్నాయి. అతను వాటిని చూడలేదు. వల చివర మొహం మీద పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. ఇంద్రజ నీళ్ళలోనే నిలబడి ఏడుస్తోంది. కన్నమ్మ ఆమె నెత్తిమీంచి ఎండిన ఆకులు తీస్తూ, "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటోంది. ఈ దృశ్యంలో అధికారికంగా నమోదు చెయ్యదగ్గదేదీ లేదు. మా ఆవిడ చేపలు కొంది. పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను.

చెరువు అలా నలభై రోజులు ఉంది. రోజూ సాయంత్రాలు అక్కడికే నడిచేవాళ్ళం.

నలభయ్యో రోజున డైరెక్టరుగారు ఆఫ్రికా నుంచి వచ్చారు. గట్టుమీదికి వచ్చి నీళ్ళు చూసి, ఎవరో చనిపోయారని విన్న మనిషిలా కిందికి కూలబడ్డారు. ఆయన బాధ అర్థం చేసుకోవాలి. పదిరోజుల్లో ఢిల్లీ నుంచి పరిశీలక బృందం రాబోతోంది. మండలి రెండో దశకి, పన్నెండు పోస్టుల్ని ఇరవయ్యారు చెయ్యడానికి, కలుపు ఎంత భయంకరంగా ఉందో చూసి వాళ్ళు అనుమతివ్వాలి. వాళ్ళకి చూపించడానికి ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అత్యవసర సమావేశానికి నన్నూ పిలిచారు. ఆయన ఉపన్యాసం నాకు ఇంకా గుర్తుంది.

"మిత్రులారా! శత్రువు వేరు, సమస్య వేరు. శత్రువుని సంహరిస్తాం. సమస్యని నిర్వహిస్తాం. ఒక వైద్యుడు ఊళ్ళో రోగాలన్నీ ఒక్కరోజులో నయం చేస్తే దాన్ని మనం వైద్యం అనం, బాధ్యతారాహిత్యం అంటాం. ఇవాళ ఈ చెరువులో నాకు కనిపిస్తున్నది నీళ్ళు కాదు మిత్రులారా! పదకొండు కుటుంబాల కన్నీళ్ళు!"

పదకొండుమందీ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ జేబురుమాలు తీశాను.

పక్క ఊరి చెరువు నుంచి నాలుగు ట్రాక్టర్ల గుర్రపుడెక్క తెప్పించాలని, దాన్ని ప్రదర్శన నిమిత్తం ఇక్కడ వదలాలని తీర్మానమైంది. ఇంద్రజ లేచి, "సర్, నేను వెయ్యనివ్వను. నన్ను తీసుకున్నది తొలగించడానికి" అంది. ఆ మాటే కాగితం మీద కూడా రాసిచ్చింది. కన్నమ్మని పిలిచి ఆ కలుపుని చెరువులో వెయ్యమన్నారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"పీకడానికి కూలికొచ్చినాను సార్. నాటడానికి గాదు."

దాంతో పదకొండుమందీ స్వయంగా చెరువులో దిగారు. ప్యాంట్లు మడిచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, మొక్క మొక్కా విడివిడిగా, వేళ్ళు దెబ్బతినకుండా నీళ్ళమీద అమర్చారు. ముగ్గురికి జలగలు పట్టాయి. సంస్థ కోసం సిబ్బంది అంత కష్టపడటం అరుదు. కొత్తగా వచ్చిన మొక్కలకి బలం కావాలి కనక, మా కాలవని తిరిగి తెరవమని డైరెక్టరుగారు సంఘాన్ని కోరారు. రెండో దశలో చెరువు చుట్టూ వాకింగ్ ట్రాకు, బెంచీలు ఉంటాయనీ, సలహాసంఘంలో మా కార్యదర్శికి, అంటే నాకు, ఒక స్థానం ఉంటుందనీ చెప్పారు. ఈసారి ఉపసంఘం అవసరం పడలేదు. ఐదు నిమిషాల్లో ఆమోదించాం. ఆడవాళ్ళకి సమావేశం సంగతి తెలియపరచలేదు.

బృందం వచ్చేసరికి చెరువు మూడొంతులు పచ్చగా ఉంది. వాళ్ళు చాలా విచారించి, చాలా ఫోటోలు తీసుకున్నారు. ఇంద్రజ బృందం నాయకుడి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పి, నలభై రోజుల ఫోటోలు చేతిలో పెట్టింది. ఆయన చాలా ఓపికగా విని, ఆ ఫోటోల్ని తగుచర్య నిమిత్తం డైరెక్టరుగారికే అందజేశారు.

తగుచర్య వారం తిరక్కుండానే మొదలైంది. మండలికి ఆధారమైన జీవవనరుని పైఅధికారుల అనుమతి లేకుండా నిర్మూలించిందని ఇంద్రజ మీద ఆరోపణ. అసలు చెరువు ఏనాడూ శుభ్రపడలేదని, ఫోటోలు వేరే చెరువువనీ రెండో ఆరోపణ. రెండూ ఒకదానికొకటి పొసగవని ఆమె వాదించింది. విచారణాధికారి రెండింటినీ విడివిడి ఫైళ్ళలో పెట్టారు.

మన్‌రాఖన్ సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. "పానీ రిహిస్ సాహెబ్. మఛరీ ఘలో రిహిస్." నీళ్ళున్నాయి, చేపలూ ఉన్నాయి అని. చేపలతో సంబంధం ఉన్న మనిషి కనక అతని సాక్ష్యం నిష్పాక్షికం కాదని తోసిపుచ్చారు. ఇక ఏ సంబంధమూ లేని గౌరవనీయ పౌరులు చెప్పాలి. అంటే మేము. చెరువు శుభ్రపడిందో లేదో సంఘం లెటర్‌హెడ్ మీద రాసివ్వమని నాకు కబురొచ్చింది.

ఆ సాయంత్రం ఇంద్రజ మా ఇంటికొచ్చింది. మనిషి చిక్కిపోయింది. చిన్నప్పుడు మా వరండాలో నామీద ఎక్కి ఆడుకున్న పిల్ల.

"అంకుల్, మీరు రోజూ వాకింగ్‌కి వచ్చేవాళ్ళు కదా. నా గురించి మంచిగా రాయమనట్లేదు. బస్, చూసింది రాస్తే చాలు."

"సూద్దాం తల్లీ" అన్నాను. "కమిటీలో పెట్టాల గదా."

టీ తాగకుండానే వెళ్ళిపోయింది. సూర్యావతి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

"కల్లతో సూసినారు. ఆ సేపలు తిన్నారు. ఒక్క ముక్క రాయడానికి మీకేటి నొప్పి?"

ఆడవాళ్ళకి పరిపాలన తెలియదు. నేను తలుపు వేసుకుని ఉత్తరం రాశాను. అబద్ధం రాయడం నా స్వభావం కాదు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు నేర్పిన భాషలో రాశాను: "సదరు నలభై రోజులలో మా సభ్యులెవరికీ చెరువు వైపు చూడటం తటస్థించలేదని తెలియజేయడమైనది." నూట పన్నెండు ఇళ్ళకి పంపితే నూట పదకొండు ఇళ్ళ నుంచి సంతకాలొచ్చాయి. రాని ఇల్లు మాదే. సూర్యావతి పెట్టలేదు. ఇంటి యజమానిగా నేను పెట్టి నూట పన్నెండు చేశాను.

ఇంద్రజను ఉద్యోగంలోంచి తీసేశారు. కన్నమ్మ పేరు కూలీల పుస్తకంలోంచి కొట్టేశారు. మండలి పదేళ్ళలో వేళ్ళతో సహా తొలగించగలిగింది ఈ ఇద్దరినే. హరినాథ్ అప్పటినుంచి మా ఇంటికి రావటంలేదు. రోడ్డుమీద కనిపిస్తే ఆకాశం చూస్తాడు.

రెండో దశ మంజూరైంది. ఖాళీ అయిన ఇంద్రజ పోస్టుకి చాలామంది దరఖాస్తు చేశారు. మా అబ్బాయి మహేశ్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఐదేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. వాడి తెలివితేటలు గుర్తించి బోర్డు వాడినే ఎంపిక చేసింది. వాడికి గుర్రపుడెక్కకీ తామరాకుకీ తేడా తెలియదు. ఆ సంగతి ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పాడు. డైరెక్టరుగారు, "నిష్కల్మషమైన కుర్రాడు" అన్నారట.

సూర్యావతి నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. సంతలో సరుకులు నేనే తెచ్చుకుంటున్నాను. మొన్న ఆదివారం పొద్దున్న వైశాలి నగర్ సంతలో చేపలు బేరం చెయ్యబోయి తల ఎత్తితే, గంప వెనకాల కన్నమ్మ.

వెనక్కి తిరుగుదామనుకునేలోపే చూసేసింది.

"బావున్నారా బాబూ? సూర్యావతమ్మగారు బావున్నారా?"

"బావున్నారు" అని, ఊరికే వెళ్ళిపోతే బాగుండదని, "ఇంద్రజ ఎక్కడుంది?" అన్నాను.

"మన్‌రాఖనోల సంగంతోటి పన్జేస్తన్నాది. దుర్గు అవతల పల్లెల్లో. ఊరోలే పిలుస్తన్నారు. మూడు సెరువుల్లో కలుపు తీసీసినాం బాబూ. ఈ సేపలు అక్కడివే. నాలుగోది బుదారం మొదలెడతన్నాం."

సంచీ కింద పెట్టేశాను. "నాలుగోది... ఏ చెరువు?"

కన్నమ్మ చేప రెక్కలు కోస్తున్నదల్లా ఆగి, నన్ను చూసింది. ఆ మొహంలో కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"బయపడకండి బాబూ. మీ అబ్బాయి ఉద్దోగానికి వొచ్చిన బయమేటీ నేదు. మీ సెరువుకేసి మాం రాం."

చేపలు కాగితంలో చుట్టి చేతికిచ్చింది. నా గుండె కుదుటపడింది. గబగబా ఇంటికొచ్చి మహేశ్‌కి చెబితే వాడూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నిన్న జరిగిన సంఘం సమావేశంలో, మన చెరువుకి ఇకమీదట ఎవరివల్లా ఎలాంటి ప్రమాదమూ లేదన్న ఈ శుభవార్తను సభ్యులందరికీ తెలియజేశాను. నూట పన్నెండు ఇళ్ళవాళ్ళూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.